గిర్ యాత్ర: సక్కర్‌బాగ్, దేవలియా, సాసన్

మా అమ్మాయికి సింహాలంటే ప్రాణం. హైదరాబాద్ జూలో సఫారీ వ్యాను ఎన్నిసార్లు ఎక్కించానో లెక్కలేదు. ఈసారి వాటి సొంతూరు, గుజరాత్‌లోని గిర్ అడవికే వెళ్దామని డిసెంబరులో సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ రైలెక్కి, అక్కణ్ణుంచి జునాగఢ్ చేరాం.

ముందుగా సక్కర్‌బాగ్ జూ. నవాబుల కాలంలో, 1863లో పెట్టింది. ఆసియా సింహాల పిల్లల్ని పెంచి వేరే జూలకు పంపేది ఇక్కణ్ణుంచే. ఆ పెంపకం జరిగే చోటికి మనల్ని రానివ్వరు. రానివ్వకపోవడమే మంచిది. 2018 సెప్టెంబరులో గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో కొన్నింటికి కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు వైరస్ సోకినట్టు తేలింది. అడవికి అలాంటి ఆపద వచ్చినప్పుడు బయట కొంత సంతతి క్షేమంగా ఉండాలి కదా. చూసే మాకు మాత్రం గంటన్నర చాలు.

దేవలియా సఫారీ పార్కు వేరే లోకం. కంచె వేసిన 412 హెక్టార్లు, అంటే వెయ్యి ఎకరాల పైమాటే. మన హైదరాబాద్ జూ మొత్తం కలిపినా 380 ఎకరాలు. బస్సు ఆగిన చోట దారి పక్కనే ఒక మగ సింహం పడుకుని ఉంది. జూలు పల్చగా ఉండి చెవులు బయటికే కనిపిస్తున్నాయి. పొట్ట కింద పొడుగ్గా చర్మపు మడత. ఆసియా సింహానికి అదే గుర్తు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అది ముందు కాలు నాకుతుంటే ఆ గరుకు నాలుక చప్పుడు మాకు వినిపించింది. అంతలో వెనక సీట్లో ఎవరో కిటికీ మీద కొట్టారు. గైడు గట్టిగా కసిరాడు. సింహం లేచి పొదల వెనక్కి వెళ్ళిపోయింది.

"అయ్యో, వెళ్ళిపోయింది నాన్నా!" అంది పాప.

నాకు మాత్రం మనసు నిండింది. చాలా ఏళ్ళ క్రితం ఒక జూలో ఆడ సింహాన్ని చూశాను. కంచె వెంబడి అటూ ఇటూ, అటూ ఇటూ. దాని అడుగులకు నేల కాలువలా గుంటపడింది. దాక్కోవడానికి చెట్టు చాటు కూడా లేదు. అప్పట్నుంచి ఏ జూకి వెళ్ళినా ముందు చూసేది అదే: జనం చూపు తప్పించుకునే చోటుందా, నీడ ఉందా, రాత్రి పడుకునే గది గాలాడేలా ఉందా.

మూడో రోజు సాసన్‌లో అసలు అడవి. జిప్సీ జీపులో మూడు గంటలు తిరిగితే టేకు చెట్ల కింద నిద్రపోతున్న ఒక్క ఆడ సింహం, అదీ దూరంగా. 2025 లెక్కల్లో 891 సింహాలని చెప్పినా కనిపిస్తాయన్న గ్యారంటీ లేదు. చిన్నపిల్లలుంటే దేవలియా తప్పకుండా పెట్టుకోండి.

బస విషయంలో దెబ్బతిన్నాం. ఫోన్లో మాట్లాడుకున్న ఒక రిసార్టు, అడ్వాన్సు తీసుకుని తీరా వెళ్ళాక గది లేదంది. ఊళ్ళో ఒక ఇంట్లో దిగాం. వేడి సజ్జ రొట్టెలు, కాల్చిన వంకాయ కూర, మజ్జిగ పెట్టారు. రిసార్టు కన్నా అదే హాయి.

దేవలియా, సక్కర్‌బాగ్ రెండింటికీ బుధవారం సెలవు. జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు సాసన్ సఫారీ ఉండదు. పర్మిట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఐడీ కార్డు ఒరిజినల్ ఉండాలి. పొద్దుటి ట్రిప్పుకి పిల్లలకు స్వెట్టరు, చెవులకు మఫ్లరు తప్పనిసరి. ఓపెన్ జిప్సీలో చలి కోసేస్తుంది.