కారు బేరం: ఎక్స్‌షోరూమ్ నుంచా, ఆన్‌రోడ్ మీదనా?

దసరాకు భద్రకాళి గుడి దగ్గర కొత్త కారుకు పూజ చేయించినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "బేరం ఎట్ల చేసినవ్? ఆన్‌రోడ్ ధర మీదనా, ఎక్స్‌షోరూమ్ నుంచా?"

ఎక్స్‌షోరూమ్ అంటే రోడ్డు పన్ను, ఇన్సూరెన్స్ కలపని బండి ధర. అవన్నీ కలిపితే ఆన్‌రోడ్. ఆన్‌రోడ్ మీద బేరం సులువే. "అంతా కలిపి ఎంతకిస్తవ్?" అంటే ఒకే అంకె వస్తుంది, మన జేబులోంచి పోయేదీ అదే. చిక్కల్లా అందులో ఏమేం కలిపారో తెలియకపోవడమే.

హనుమకొండలో ఒకే వేరియంట్‌కు రెండు షోరూముల్లో కొటేషన్ తీసుకున్నా. ఎక్స్‌షోరూమ్ రెండు చోట్లా 8 లక్షలే, జీఎస్టీ అందులోనే. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల బండికి లైఫ్ ట్యాక్స్ (ఒక్కసారే కట్టే రోడ్డు పన్ను) 14 శాతం, అంటే 1,12,000. దాని మీద బేరం లేదు. మొత్తం మాత్రం మొదటి చోట 16,000 తక్కువ. అడ్వాన్స్ కట్టబోతూ కాగితం మళ్ళీ చదివా. డిస్కౌంట్ 10,000 ఎక్కువే, నిజమే. కానీ ఇన్సూరెన్స్ 44,000, అదీ బంపర్ టు బంపర్ (పార్టుల పాతదనానికి కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) లేకుండా! రెండో చోట 50,000, బంపర్ టు బంపర్‌తో.

నన్నడిగితే బేరమంతా ఈ ఒక్క లైన్‌లోనే ఉంది. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాని ప్రీమియం ఎక్కడైనా ఒకటే. తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్‌లో (మన బండి నష్టానికి), బంపర్ టు బంపర్ లాంటి యాడ్ ఆన్‌లలో. బంపర్ టు బంపర్‌తో కలిపి బయటి ఏజెంటు 36,000 చెప్పాడు. (ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్‌లో బండికి కట్టే విలువ, కోసి ప్రీమియం తగ్గించి చూపేవాళ్ళూ ఉంటారు. నేను సరిచూసుకున్నా, ఒకటే ఉంది.) ఆ కాగితం మొదటి షోరూమ్‌లో పెట్టా.

"బయట తీసుకుంటే డిస్కౌంట్ రాదన్నా."

"అదే కాగితం మీద రాసియ్యి తమ్మీ."

లోపలికి పోయొచ్చి 37,000 చేశాడు, బంపర్ టు బంపర్‌తో. షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న రూల్ లేదని వాళ్ళకూ తెలుసు.

అందుకే నేనైతే ఎక్స్‌షోరూమ్ నుంచి ఒక్కో లైనూ అడుగుతూ కిందికి వస్తా. ఆన్‌రోడ్ అంకె చివర్లో పోల్చుకోవడానికే.

హ్యాండ్లింగ్ చార్జీలంటే కొట్టేయమనండి. ఫ్రీ యాక్సెసరీల కన్నా నగదు తగ్గింపే నయం, సీట్ కవర్లు బయట అగ్గువకు దొరుకుతాయి. ఎలక్ట్రిక్ కారుకైతే 2026 డిసెంబరు 31 దాకా లైఫ్ ట్యాక్సే లేదు, ఆ లెక్క వేరు. హైదరాబాద్‌లో కొంటే తక్కువంటారు గానీ, లైఫ్ ట్యాక్స్ రాష్ట్రమంతా ఒకటే. రెండుసార్లు పోయొచ్చే ఖర్చు తీసేస్తే నాకు మిగిలేదేమీ కనిపించలేదు.