మాల్ కట్టిన చోట పుట్టిన మస్టాంగ్: తొమ్మిదేళ్లుగా మార్టి రిపోర్టు వాడుతున్న నా అనుభవం

నేను 1967 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కొన్న రోజు అమ్మినాయన ఒక్క మాట మీదే గట్టిగా నిలబడ్డాడు. "ఈ ఎరుపు ఫ్యాక్టరీలో వేసిన ఎరుపే" అన్నాడు. డ్రైవర్ వైపు డోర్ తెరిచి, అంచున రివెట్లతో బిగించిన చిన్న రేకు ప్లేటు చూపించాడు. దాని మీద రంగు కోడ్ టి అని ఉంది. టి అంటే కాండీయాపిల్ రెడ్. నేను నమ్మాను. ఆ రోజు నేను చేయాల్సిన పని వేరే ఉందని తర్వాత తెలిసింది.

పాత కార్లకు ఇప్పటిలా 17 అక్షరాల గుర్తింపు నంబరు (వీఐఎన్) ఉండదు. అది అమెరికాలో 1981 మోడళ్ల నుంచి వచ్చింది. నా కారుది 11 అక్షరాలే. అందుకే ఇన్సూరెన్స్ ఫారాల్లో వేస్తే "నంబరు తప్పు" అని ఎర్రగా చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. మొదలు 7ఆర్01సి. 7 అంటే 1967, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ, 01 అంటే హార్డ్‌టాప్ (మామూలు గట్టి పైకప్పున్న) బాడీ, సి అంటే 289 క్యూబిక్ అంగుళాల, రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న వీ8 ఇంజన్. మిగతా ఆరంకెలూ వరుస సంఖ్య. ప్రతి ఫ్యాక్టరీలోనూ అది 100001తో మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీలో తయారైన మిగతా ఫోర్డ్ కార్లూ అదే వరుసలో ఉంటాయి కాబట్టి, దాన్ని పట్టుకుని "నాది ఫలానా వెయ్యో మస్టాంగ్" అనుకోకూడదు.

ఈ నంబర్లో కారు రంగు లేదు. ఏ ఆప్షన్లతో వచ్చిందో లేదు. ఏ తేదీన తయారైందో, ఏ ఊళ్లో అమ్మారో లేదు. ఆ ఖాళీని నింపేదే మార్టి రిపోర్టు. ఫోర్డ్ 1967 నుంచి దాచిన ఉత్పత్తి రికార్డులు కెవిన్ మార్టి అనే ఆయన నడిపే సంస్థ దగ్గర లైసెన్సుతో ఉన్నాయి. నంబరు ఇస్తే ఆ కారు ఆర్డర్ వివరాలు తీసి పంపిస్తారు.

ఆర్డర్ ఇచ్చే ముందు నేను చేసిన ఒక మంచి పని, నంబర్ని కాగితం మీద కాకుండా ఇనుము మీద చదవడం. ఈ మోడల్లో బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు ఫెండర్ అంచున చిన్న గాడి లాంటి ఖాళీ కనిపిస్తుంది. దాని కిందున్న లోపలి రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది. యాభై ఏళ్ల రంగు పొరలు, గ్రీజు పేరుకుపోయి కంటికి ఆనలేదు. విజయవాడలో మా నాన్న స్కూటర్ ట్రాన్స్‌ఫర్ చేయించిన రోజు గుర్తొచ్చింది. ఆర్టీవో ఆఫీసు బయట బ్రోకర్ చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాడు. నేనూ గుడ్డతో తుడిచి, కాగితం అతికించి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని రుద్దాను. ఒక్కొక్క అంకే బూడిదరంగులో తేలుతూ వచ్చింది. చివరి నుంచి రెండో అంకె 3. టైటిల్ కాగితంలో, అంటే కారు యాజమాన్య పత్రంలో మాత్రం అక్కడ 8 ఉంది! ఎప్పుడో ఎవరో చూసి రాయడంలో చేసిన పొరపాటు, ఎన్నో చేతులు మారినా అలాగే వచ్చింది. దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు, బోలెడు టెన్షన్. కానీ ఆ 8తోనే రిపోర్టు తెప్పించి ఉంటే ఇంకెవరి కారు చరిత్రో నా కారుదనుకుని మురిసిపోయేవాణ్ణి.

రిపోర్టు వచ్చింది. రంగు గడిలో టి లేదు, ఐ ఉంది. లైమ్ గోల్డ్, అంటే పసుపు కలిసిన లేత ఆకుపచ్చ మెరుపు రంగు. ముందు రిపోర్టే తప్పనుకున్నాను. ఆ సాయంత్రం వెనక లైటు ఒకటి విప్పి, రబ్బరు వాషరు లాగి చూశాను. రీపెయింట్ చేసేవాళ్లు సాధారణంగా అక్కడిదాకా వెళ్లరు. వాషరు కింద వేలెడంత వెడల్పున లైమ్ గోల్డ్ కొత్త పెళ్లికూతురు చీరలా మెరుస్తోంది. డోర్ ప్లేటు తర్వాత చేయించి బిగించింది. అలాంటి ప్లేట్లు కోరిన కోడ్‌తో తయారుచేసి అమ్ముతారు. అమ్మినాయన కావాలని మోసం చేశాడని నేననను, ఆయన కూడా ఆ ప్లేటు చూసే కొని ఉండొచ్చు. ప్లేటును సాక్ష్యంగా తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

తర్వాత తేదీలు. నేను తీసుకున్న డీలక్స్ రిపోర్టులో ఆర్డర్ తేదీ, తయారైన తేదీ, అమ్ముడైన తేదీ విడివిడిగా ఉన్నాయి. నా కారు 1967 ఫిబ్రవరి 7, మంగళవారం తయారైంది. ఇంజన్ అసలుదేనా అని చూడటానికి ఈ తేదీ చాలా పనికొచ్చింది. 1967లో మామూలు వీ8 ఇంజన్ల మీద కారు నంబరు కొట్టలేదు, ఆ పద్ధతి 1968 నుంచి వచ్చింది. అందుకని బ్లాకు మీద పోత పోసిన తేదీ వెతకాలి. కారు కింద పడుకుని, స్టార్టర్ మోటారు పక్కన మసి గోకితే 7ఏ14 అని తేలింది. మొదటి అంకె సంవత్సరం, అక్షరం నెల, చివరిది తేదీ. అంటే 1967 జనవరి 14. (నెలల అక్షరాల్లో ఐ వాడరు, ఒకటిలా కనిపిస్తుందని.) మన ఇళ్లల్లో సంక్రాంతి ముగ్గులు వేసుకునే రోజుల్లో పోసిన ఇనుము, మూడు వారాల తర్వాత ఈ కారులోకి ఎక్కింది. లెక్క సరిపోయింది. ఆ తేదీ కారు తయారీకి తర్వాతిదైతే ఇంజన్ మార్చారని ఇట్టే తెలిసిపోయేది.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఆ ఆర్ అక్షరమే. పేరుకు శాన్ హోసే ఫ్యాక్టరీ గానీ, అది ఉన్నది పక్కనే మిల్పిటాస్‌లో. 1955లో మొదలై 1983లో మూతపడింది. 1994లో అదే కట్టడాన్ని గ్రేట్ మాల్‌గా మార్చారు. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకు ఆ మాల్ గురించి చెప్పనక్కర్లేదు, ఇండియా ప్రయాణం ముందు సూట్‌కేసులు, బంధువులకు బట్టలు కొనేది అక్కడే. పదేళ్లుగా నేను పిల్లకు బూట్లు కొంటున్న నేల మీదే నా కారు అసెంబుల్ అయిందని ఆ రోజే తెలిసింది. మా ఆవిడకు చెబితే "అయితే ఒకసారి పుట్టింటికి తీసుకెళ్లండి" అంది. తీసుకెళ్లాం. పార్కింగ్‌లో గంటసేపు ఊరికే నిలబెట్టాం.

ఈ తొమ్మిదేళ్లలో నా కారుకూ స్నేహితుల కార్లకూ కలిపి ఏడు రిపోర్టులు తెప్పించాను. బాగా అక్కరకొచ్చింది పక్క ఊరు ఫ్రీమాంట్‌లో ఉండే తమ్ముడొకడి విషయంలో. జీటీ అని చెప్పి ఒక 1967 ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే రకం) చూపించారట. గ్రిల్లులో ఫాగ్ లైట్లు, పక్కన గీతలు, రెండు సైలెన్సర్లు, అన్నీ ఉన్నాయి. జీటీ అనేది ఆప్షన్ల ప్యాకేజీ, నంబర్లో కనిపించదు. ఆ సామానంతా విడిగా కొని బిగించుకోవచ్చు కూడా. "ఆగరా, రెండు వారాలు ఆగు" అన్నాను. రిపోర్టులో జీటీ ప్యాకేజీ లేదు. "అన్నా, బతికించావ్" అని ఫోన్ చేశాడు. జీటీ ధర పెట్టకుండా మామూలు ఫాస్ట్‌బ్యాక్ ధరకే అదే కారు కొనుక్కున్నాడు, ఇప్పటికీ సంతోషంగా నడుపుతున్నాడు.

ఇంకో స్నేహితుడిది 1966 కారు. అతనికి ఈ దారి లేదు. 1967కు ముందు మస్టాంగ్‌లకు ఈ రికార్డులు లేవు. అతను నంబరు, డోర్ ప్లేటు, పోత తేదీలు కలిపి చూసుకోవాల్సిందే. కొనబోయేవాళ్లు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, 66కూ 67కూ మధ్య కాగితాల పరంగా పెద్ద గోడ ఉంది.

నాకు నచ్చని వాడకం ఒకటుంది. రిపోర్టులో "ఈ రంగు, ఈ ఇంజన్, ఈ ఆప్షన్లతో ఇన్ని కార్లు" అనే లెక్కలు ఇస్తారు. లెక్కలు నిజమే. కానీ 1967లో తయారైన 4,72,121 మస్టాంగ్‌లలో గడియారం, రేడియో, సీటు రంగు కలుపుకుంటూ పోతే ఏ కారైనా చివరికి "ప్రపంచంలో ఒక్కటే" అవుతుంది. ఆ మాట పెట్టి ధర పెంచేవాళ్లను చాలామందిని చూశాను. ఫ్రేములో గోడకు తగిలించుకునే ఖరీదైన రకం కూడా ఉంది, అది ముచ్చటకి. పనికి డీలక్స్ చాలు.

ఇంకోటి, రిపోర్టు చెప్పేది ఆ నంబరున్న కారు ఎలా తయారైందని మాత్రమే. మీ ముందున్న ఇనుము ఆ కారేనని అది చెప్పదు, చెప్పలేదు. కార్ల ఛేజింగ్‌కు పేరుపడ్డ 1968 నాటి హాలీవుడ్ సినిమా బుల్లిట్‌లో వాడిన రెండు మస్టాంగ్‌ల సంగతే చూడండి. నంబర్లు 125558, 125559తో ముగుస్తాయి, రెండూ మిల్పిటాస్‌లో పుట్టినవే. 559 నంబరుది 2020 జనవరి వేలంలో 34 లక్షల డాలర్ల పాటకు, ఫీజులతో కలిపి 37.4 లక్షలకు పోయింది. 558 నంబరుది 2017లో మెక్సికోలో తుక్కు స్థితిలో దొరికితే, కెవిన్ మార్టి స్వయంగా వెళ్లి రేకు మీద కొట్టిన నంబర్లు చూసి అదేనని తేల్చారు. చేతిలో రికార్డులన్నీ ఉన్న మనిషి కూడా కారు దగ్గరికెళ్లి వంగి చూశాడు.

నా కారు ఇంకా ఎరుపే. లైమ్ గోల్డ్ వేయించాలని మూడేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను. టి అని ఉన్న ఆ ప్లేటు విప్పి, ఎక్కడ దొరికిందో రాసి ఒక కవర్లో పెట్టాను. పెన్సిల్ అచ్చు, రిపోర్టు, వెనక లైటు కింద తీసిన ఫొటో కూడా అందులోనే ఉన్నాయి. కవరు గ్లవ్ బాక్సులో ఉంటుంది, రేపు కారు ఎవరి చేతికి వెళ్తే వాళ్లకు.