నెట్‌వర్క్ మార్కెటింగ్, గొలుసుకట్టు స్కీమ్: తేడా ఎక్కడ?

"ఇదంతా గొలుసుకట్టు మోసమే కదా!" ఒకరి కింద ఒకరుగా చేరినవాళ్ల ద్వారా సరుకు అమ్మించే నెట్‌వర్క్ మార్కెటింగ్ పేరెత్తగానే వినిపించే మాట ఇదే. అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

తేడా డబ్బు వచ్చే దారిలో ఉంది. గొలుసుకట్టు స్కీమ్‌లో పాతవాళ్ల జేబులోకి వెళ్లేది కొత్తగా చేరినవాళ్లు కట్టిన సొమ్మే. సరుకు ఉన్నా పేరుకే. ఒక్కొక్కరు ఆరుగుర్ని చేర్చాలంటే పదమూడో మెట్టుకు 1,300 కోట్ల మంది కావాలి. భూమ్మీద అంతమంది లేరు! సరైన నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో కమీషన్ సరుకు అమ్మకం మీద వస్తుంది, మనిషిని చేర్చినందుకు కాదు.

అమెరికాలో 1979లో ఆమ్‌వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ కేసులో, వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే చూసింది. కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మాలి, నెలకు పదిమంది కస్టమర్లకు అమ్మినట్టు చూపాలి, మానేసేవాళ్ల దగ్గర మిగిలిన సరుకును అడిగితే వాళ్లను చేర్చినవాళ్లు వెనక్కి కొనాలి అన్న నియమాలు ఉన్నందువల్ల అది పిరమిడ్ స్కీమ్, అంటే గొలుసుకట్టు స్కీమ్, కాదని తేల్చింది. అయితే ఆదాయం గురించి గొప్పలు చెప్పడాన్ని తప్పుపట్టింది. ఈ రెండో ముక్కను మీటింగుల్లో ఎవరూ ఎత్తరు, అది వేరే సంగతి.

"చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ మిగలదు" అన్న విమర్శకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, అది చాలావరకు నిజమే. అందుకే చేరమని అడిగినవాళ్లను ఒక్కటే అడగండి: "చేరకుండా ఈ సరుకు ఇదే ధరకు కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారు?"