బత్తాయిని నలపకుండా పట్టే చెయ్యి: రెండేళ్లు వాడాక

తిప్పర్తి దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. నేను నల్లగొండలో పిల్లలకు రోబోటిక్స్ ల్యాబ్ నేర్పిస్తాను. తోటకూ ల్యాబుకూ మధ్య పుట్టిందే ఈ సెట్టు. రెండు వేళ్ల గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే యంత్రపు చెయ్యి), దాని వేళ్లకు అతికించిన పల్చటి ఎఫ్ఎస్ఆర్ ఒత్తిడి సెన్సర్లు, నా చేతికి వైబ్రేషన్ మోటార్లు కుట్టిన గ్లౌజు. నేను వేళ్లు ముడిస్తే గ్రిప్పర్ ముడుచుకుంటుంది, దానికి తగిలింది నా వేళ్లకు తెలుస్తుంది.

మొదటి నెల మోటార్లు లేకుండా, కళ్లతో చూస్తూనే నడిపాను. చాలా కాయలు పాడయ్యాయి. పగిలినవి తక్కువే. పైకి నిగనిగలాడుతూ ఉండి, మూడు నాలుగు రోజులకు నొక్కిన చోట మెత్తబడినవే ఎక్కువ. 200 గ్రాముల కాయ బరువు సుమారు 2 న్యూటన్లు. అది జారకుండా పట్టడానికి పెద్ద బలం అక్కర్లేదు, కానీ ఎంత పెట్టామో కన్ను చెప్పలేదు. 2000లో అమెరికాలో అనుమతి వచ్చిన డా విన్సీ సర్జరీ రోబోతో ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా కణజాలం ఎంత సాగుతోందో చూసే అంచనా వేసుకునేవారు. ఆ రోబోల్లో బలాన్ని చేతికి తెలిపే పరికరాలు 2024లో అనుమతి పొందిన డా విన్సీ 5తో గానీ రాలేదు. కాయల బుట్ట ముందు కూర్చున్నప్పుడు ఆ డాక్టర్ల కష్టం నాకు బాగా అర్థమైంది.

మోటార్లు పెట్టాక మొదట చేసిన ఏర్పాటు ఇది: ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా కంపనం. పది నిమిషాలకే వేళ్లు మొద్దుబారేవి, ఆ తర్వాత ఏదీ తెలిసేది కాదు. ఆగకుండా వచ్చే కంపనాన్ని చర్మం పట్టించుకోవడం మానేస్తుంది. అందుకని ప్రోగ్రాం మొత్తం మార్చాను. తగిలినప్పుడు ఒక చిన్న దెబ్బ, జారుతుంటే వరసగా మూడు, వదిలినప్పుడు ఒకటి. మిగతా సమయమంతా నిశ్శబ్దం. అప్పటినుంచి గ్లౌజు నా చేతిలో భాగమైంది. ఒకరోజు మా నాయినకు తొడిగాను. కాయ ఎత్తుతూ, "జారుతుంది బిడ్డా" అన్నాడు. నేను చూస్తే కాయ కదిలినట్టే లేదు. మరుక్షణం కింద పడింది.

మోటార్ల విషయానికొస్తే, బిళ్లలా ఉండే మామూలు మోటార్ తిరగడం మొదలై జోరందుకునేలోపే కాయ జారిపోయేది. ఎల్ఆర్ఏ రకం (తిరగకుండా, లోపలి బరువు ముందుకూ వెనక్కీ ఊగే మోటార్) అంతకంటే త్వరగా కదులుతుంది, ఆగడమూ చప్పున ఆగుతుంది. దాన్ని నడపడానికి డీఆర్‌వీ2605ఎల్ చిప్ వాడాను. అందులో 123 రకాల కంపనాలు ముందే ఉంటాయి. నాకు మూడే సరిపోయాయి.

నన్ను ఏడిపించింది ఎఫ్ఎస్ఆర్. ఒకే రోజు కొన్న రెండు సెన్సర్లు ఒకే కాయకు రెండు రకాల అంకెలు చూపిస్తాయి. కాయను నిమిషం పట్టుకుంటే, పట్టు మారకపోయినా అంకె దానంతటదే పెరుగుతూ పోతుంది. మే నెలలో మా రేకుల షెడ్డు కింద జిగురు వదిలేసి రెండుసార్లు ఊడొచ్చింది. చివరికి అంకెను నమ్మడం మానేసి, అది ఒక్కసారిగా మారితేనే పట్టించుకునేలా రాసుకున్నాను. జారడం పట్టుకోవడానికి అది చాలు. ఎంత బలంతో పట్టామో తెలియాలంటే మాత్రం చాలదు.

ప్రాజెక్టు చేసే పిల్లలు గ్లౌజు మీద, ఎల్ఆర్ఏ మోటార్ల మీద ధైర్యంగా డబ్బు పెట్టవచ్చు. తగిలిందా లేదా అన్నంతవరకు ఎఫ్ఎస్ఆర్ కూడా సరిపోతుంది. నేను మాత్రం కిరాణా కొట్టు తూకాల్లో ఉండే లాంటి లోడ్ సెల్‌కు మారుతున్నాను. దాని సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డును సెకనుకు 80 రీడింగుల మీద పెట్టుకోవాలి, 10 మీద ఉంచితే జారడం అందదు. కత్తెర కాపు కాయ దిగేలోపు లోడ్ సెల్ పెట్టిన కొత్త వేళ్లు తయారు కావాలి.