మాట్లాడే బటన్ మీద నా ఫిర్యాదు: చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో, చాలాకాలం వాడాక

బోట్ల మధ్య మాట్లాడుకోవడానికి వాడే ఈ చేతి రేడియో సెట్ మీద నాకున్న ఇష్టానికీ కోపానికీ కారణం ఒక్కటే, పక్కనుండే మాట్లాడే బటన్. నీళ్లలో పడితే తేలుతుంది, ఐదు వాట్లు ఇస్తుంది, ఆపదలో పిలిచే 16వ ఛానల్‌కి వెళ్లడానికి విడిగా ఒక బటన్ ఉంది. ఇవి ఈ తరహా సెట్లలో చాలావాటికి ఉన్నవే, డబ్బా మీదే రాసుంటాయి. బటన్ సంగతి మాత్రం డబ్బా మీద ఉండదు.

కొన్న కొత్తలో ఈ బటన్‌ని మా బోటు క్లబ్బులో తెగ పొగిడాను. వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉంటుంది. తడి గ్లవ్స్ వేసుకుని, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, అటు చూడకుండానే నొక్కొచ్చు. నా పాత సెట్‌లో బటన్ బిగుసుకుపోయి ఉండేది, గట్టిగా నొక్కేలోపు మొదటి మాట మింగేసేది. నేను చెప్పింది విని ఇద్దరు ముగ్గురు సభ్యులు ఇదే మోడల్ కొన్నారు కూడా. గ్లవ్స్ విషయంలో ఇప్పటికీ నాది అదే మాట. కాకపోతే వేలికి ఇంత తేలిగ్గా లొంగే బటన్, లైఫ్ జాకెట్ పట్టీకి కూడా అంతే తేలిగ్గా లొంగుతుంది.

సెలవురోజు సాయంత్రం మా బోట్లన్నీ కలిసి బయల్దేరతాయి. పోటీ ఏమీ కాదు, ఊరికే ఒక చుట్టు తిరిగి రావడమే. అందరం 72వ ఛానల్‌లో ఉంటాం, బోట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఉన్న ఛానళ్లలో అదొకటి. ఆ రోజు నా బోటులో క్లబ్బుకంతటికీ పెద్దవారైన సభ్యుడు ఉన్నారు. అందరం ఆయన్ని బాబాయి గారనే పిలుస్తాం. నేను చుక్కాని దగ్గరుండటంతో రేడియో ఆయన జాకెట్‌కి తగిలించాం. ఆయన బోటు ముందువైపు తెరచాప తాడు పట్టుకుని వంగి కూర్చున్నారు. వంగినప్పుడు జాకెట్ పట్టీ వచ్చి బటన్ మీద బిగుసుకుంది. కొంచెం కూడా టక్కుమనలేదు. మెత్తటి రబ్బరు కదా.

బాబాయి గారికి మా కార్యదర్శి గారంటే పాత కోపం. జెట్టీకి దగ్గరున్న మూరింగులు, అంటే బోట్లు కట్టేసుకునే చోట్లు, తన మనుషులకే ఇచ్చుకుంటారని. దానికి తోడు ఆ రోజు బయల్దేరేటప్పుడు కార్యదర్శి గారి బోటు జెట్టీని గీసుకుంటూ వెళ్లింది. ఇక అందుకున్నారు.

“చూశావా? అడిగితే గాలి అంటాడు. గాలి ఆయనొక్కడికే వీస్తుందా?”

“పోనీలెండి బాబాయి గారూ.”

“ఏం పోనీ? తాడు కట్టే క్లీట్‌కి ఎన్ని చుట్లు చుడతాడో ఎప్పుడైనా లెక్కపెట్టావా? అది విప్పేసరికి పోటు పోయి ఆటు వస్తుంది.”

అక్కణ్ణుంచి మూరింగుల దాకా, మూరింగుల నుంచి క్లబ్బు లెక్కల దాకా వెళ్లారు. నేను ఊఁ కొడుతున్నాను. నా ఊఁలు కూడా స్పష్టంగా వినిపించాయట.

ఈ రకం రేడియోల గురించి కొత్తవాళ్లకి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సెట్ మాట్లాడుతున్నంతసేపూ దానికి వినడం కుదరదు. ఒకే ఛానల్‌లో పంపడం, వినడం ఒకదాని తర్వాత ఒకటే జరగాలి. కాబట్టి “మీ బటన్ నొక్కుకుపోయింది” అని పది బోట్లు అరిచినా, ఆ మాట చేరలేనిది ఒక్క మా సెట్‌కే. చేతి సెట్ల మధ్య అయితే కొన్ని మైళ్లు దాటితే మాట అందదు గానీ, కార్యదర్శి గారి బోటులో ఉన్నది బిగించిన సెట్, యాంటెనా స్తంభం కొసన ఉంటుంది. యాంటెనా ఎంత ఎత్తునుంటే అంత దూరం నుంచి పట్టుకుంటుంది. అందరికంటే ముందున్నా, అందరికంటే బాగా విన్నది ఆయనే. పైగా ఆ రోజు కుటుంబమంతా బోటులోనే ఉంది, స్పీకర్ కాక్‌పిట్‌లో, అంటే అందరూ కూర్చునే చోటే ఉంది.

పక్క బోటు నుంచి ఒకాయన లేచి చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం. మళ్లీ ఊపాడు, ఈసారి బాబాయి గారు టోపీ తీసి మరీ ఊపారు. ఇలా కాదని వెనక బోటులో ఒకావిడ డెక్ మీద నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, మెల్లగా పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టింది. ఆవిడ ఉద్దేశం “ఆ సెట్ కింద పెట్టండి” అని. కానీ సముద్రంలో ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల అనుబంధంలో ఆపద సంకేతాల జాబితా ఉంటుంది, అందులో సరిగ్గా ఇదే ఉంది. చేతులు పక్కలకి చాపి, మెల్లగా, పదేపదే ఎత్తి దించడం. కోర్సు అప్పుడే పూర్తి చేసుకుని వచ్చిన కుర్రాడు మరో బోటులో ఉన్నాడు. మాలో మిగతావాళ్లకి ఆ జాబితా గుర్తుందో లేదో గానీ, అతనికి బాగా గుర్తుంది. గబగబా తెరచాప దించి, ఇంజిన్ వేసి, లైఫ్ రింగు చేతబట్టుకుని ఆవిడ వైపు దూసుకెళ్లాడు. ముందు రేడియోలో అడుగుదామంటే ఛానల్ నిండా బాబాయి గారే ఉన్నారు. పాపం, ఆవిడ “నాకేం కాలేదు” అని చేతులు ఊపేకొద్దీ వేగం పెంచాడు. లైఫ్ రింగు మాత్రం చక్కగా విసిరాడని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. నా సెట్‌లో ఒక టైమర్ ఉంది. ఐదు నిమిషాలు ఆగకుండా పంపుతుంటే దానంతటదే ఆపేస్తుంది. మంచి ఏర్పాటే, కాదనను. ఇలాంటిది 16లో జరిగి ఉంటే నవ్వుకునే సంగతి కాదు. ఆ ఛానల్ ఫ్రీక్వెన్సీ అయిన 156.8 మెగాహెర్ట్జ్ మీద నిజంగా మునిగిపోతున్నవాడి కేకని మా మూరింగుల పంచాయితీ కప్పేసేది. కానీ ఐదు నిమిషాలెందుకు? బోటు రేడియోలో ఊపిరి తీసుకోకుండా నిమిషం మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? నిమిషానికి ఆగినా ఏ నష్టమూ లేదు. ఐదు నిమిషాల్లో ఒక మనిషిని పూర్తిగా తిట్టొచ్చు. తిట్టి, చల్లబడి, మంచి మాట మొదలుపెట్టేంత టైమ్ కూడా ఉంటుంది. అది ముగించేంత మాత్రం ఉండదు.

సరిగ్గా అదే జరిగింది. “అయినా ఒకటి మాత్రం ఒప్పుకోవాలి,” అన్నారు బాబాయి గారు. కీచుమని చిన్న శబ్దం వచ్చింది. బ్యాటరీ అయిపోవస్తోందేమో అనుకున్నాం. టైమర్ ఆపేసిన చప్పుడది. ఆయన చెప్పుకుపోతూనే ఉన్నారు. ఓ గాలివాన రాత్రి తన బోటు లంగరు జారుతుంటే, కార్యదర్శి గారు ఒక్కరే డింగీ అనే చిన్న పడవ వేసుకుని వెళ్లి రెండో లంగరు వేశారట. కంగారు పడతారని తెల్లారేదాకా ఫోన్ కూడా చెయ్యలేదట. “ఆ పని నా సొంత తమ్ముడు కూడా చెయ్యడు” అన్నారు. ఇదంతా విన్నది నేనొక్కణ్ణే. తాడు వదిలి ఆయన నిటారుగా కూర్చున్నాక బటన్ మీద నుంచి పట్టీ జారింది, అప్పుడు సెట్‌లోంచి ఒకేసారి నలుగురి అరుపులు వినబడ్డాయి.

జెట్టీ దగ్గర మా తాడు అందుకోవడానికి కార్యదర్శి గారే వచ్చారు. క్లీట్‌కి ఒకే ఒక్క చుట్టు చుట్టి, “చాలా బాబాయి గారూ, ఇంకోటి వెయ్యమంటారా?” అని అడిగారు. వాళ్లావిడ వెనక నుంచి, “గాలి సంగతి నేనూ ఎప్పట్నుంచో అంటున్నాను” అంది. బాబాయి గారు లంగరు మాట అక్కడే ఎదురుగా చెప్పారు. “అది రేడియోలో రాలేదే,” అన్నారు కార్యదర్శి గారు. తిట్లు అందరూ విన్నారు కాబట్టి అది కూడా 72లోనే చెప్పాలని ఇప్పటికీ పట్టుబడుతుంటారు. మైకు ముందు తనకి మాట రాదంటారు బాబాయి గారు. మూరింగుల జాబితా మాత్రం ఆ తర్వాత నోటీసు బోర్డు మీదికి వచ్చింది. అది ఈ రేడియో గొప్పదనమని తయారీదారు చెప్పుకోకపోవచ్చు, నేను చెప్తున్నాను.

కీ లాక్ వేస్తే సరిపోతుంది కదా అని క్లబ్బులో ఒకరు అన్నారు. సరిపోదు. నా సెట్‌లో లాక్ వేస్తే ఛానల్ మారకుండా ఉంటుందే తప్ప మాట్లాడే బటన్ ఎప్పటిలాగే పని చేస్తుంది. ఆపదలో లాక్ తీసే తీరిక ఉండదు కాబట్టి అలా చెయ్యడం సబబే. పంపుతున్నట్టు తెలియడానికి తెరమీద చిన్న గుర్తు ఒకటి వెలుగుతుంది, అంతే. సెట్ ఛాతీ మీద వేలాడుతుంటే దాన్ని చూసేదెవరు? ఇప్పుడు మేం సెట్‌ని జాకెట్ పట్టీకి పైన, భుజానికి దగ్గరగా, బటన్ బయటికి ఉండేలా తగిలిస్తున్నాం. తాడు లాగే మనిషికి అసలు ఇవ్వం.

మిగతా విషయాల్లో కూడా మొదట్లో అన్నవి కొన్ని సవరించుకోవాలి. తేలుతుందన్నాను, నిజమే, కానీ ఇనుప కొక్కెం, బరువైన తాడు తగిలించాక బకెట్‌లో వేసి చూస్తే మెల్లగా మునిగింది. తేలే తాడు వేరే కొనుక్కోవాలి. స్పీకర్ జాలీలో నీళ్లు నిలిచినప్పుడు గొంతు బొంగురుపోతుంది, ఓసారి గట్టిగా దులిపితే సరి. ఛార్జింగ్ పిన్నులకి ఉప్పునీటి చిలుము పడుతుంది, తిరిగొచ్చాక మంచినీళ్లతో తుడిస్తే ఆగుతుంది. బ్యాటరీ మొదటి సీజన్‌లో లాగినంత ఇప్పుడు లాగట్లేదు. ఇవేవీ దీన్ని మార్చేసేంత పెద్ద లోపాలు కావు.

కొనమంటారా అని అడిగితే, ఒంటరిగా తిరిగేవాళ్లకి కొనమంటాను. గ్లవ్స్‌తో ఇంత సుఖంగా వాడగలిగిన సెట్ నా చేతికి ఇంకోటి రాలేదు, పొరపాటున నొక్కుకున్నా మీ కూనిరాగం తప్ప బయటికి పోయేదేమీ లేదు. నలుగురిని ఎక్కించుకుని తిరిగేవాళ్లయితే బటన్ చుట్టూ గట్టులాంటి అంచు ఉన్న మోడల్ చూసుకోవడం మేలేమో. నాకు నడుస్తోంది, ఎందుకంటే మా కార్యదర్శి గారు నవ్వగలిగిన మనిషి. మీ కార్యదర్శి ఎలాంటివారో నాకు తెలియదు.