పండగ రాత్రి ఏ సినిమా? కొత్త జంటకు ఏది మేలు?

పెళ్లయ్యాక వచ్చే మొదటి క్రిస్మస్‌కి చెట్టు ఎక్కడ పెట్టాలి, నక్షత్రం ఎక్కడ కట్టాలి అన్న పేచీలు పూటలో తేలిపోతాయి. తేలనిది సినిమా పేచీ. ఆమె పుట్టింట్లో ఏటా చూసే సినిమా ఒకటి, అతనింట్లో ఏటా చూసేది ఇంకొకటి. ఎవరిది వాళ్లకి పండగలో భాగం, అవతలివాళ్లది ఉత్త కాలక్షేపం.

మా తమ్ముడి కూతురు 'హోమ్ ఎలోన్' చూస్తూ పెరిగింది. అల్లుడిది 'డై హార్డ్'. "పెదనాన్నా, అన్ని తుపాకులు పేలే సినిమా క్రిస్మస్ సినిమా ఎలా అవుతుందో నువ్వే చెప్పు" అంటుంది ఆమె. "మావయ్యగారూ, దొంగ మొహాన ఇస్త్రీపెట్టె వచ్చి పడే సినిమా మాత్రం ఎలా అవుతుందండీ" అంటాడు అతను. ఇద్దరూ తప్పు ప్రశ్న అడుగుతున్నారని నా ఉద్దేశం.

ఏ సినిమా గొప్పది అన్నది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవాల్సింది, అది గోలకు తట్టుకుంటుందా లేదా అని. పండగ పూట ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిందే. పిల్లలు టీవీకి అడ్డంగా పరుగెడుతుంటారు, ఎవరి ఫోనో మోగుతూనే ఉంటుంది, సరిగ్గా మంచి సీన్ దగ్గర ఎవరో లోపలికొచ్చి "ఇంతకీ ఈయన ఎవరు?" అని అడుగుతారు. ఇవన్నీ భరించే సినిమా ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. నిశ్శబ్దం కోరే సినిమా ఇద్దరికే పనికొస్తుంది. ఒకే సినిమాతో రెండు పనులూ చేయించబోతే ఎవరికీ తృప్తి ఉండదు.

గోలకు తట్టుకోవడంలో 'హోమ్ ఎలోన్'ని (1990) మించింది నేనైతే చూడలేదు. అసలు సినిమా మొదలయ్యేదే గోలతో. ఒకే ఇంట్లో పదిహేను మంది, పొద్దున్నే పారిస్ ప్రయాణం, ఎక్కడ చూసినా పెట్టెలు, పిజ్జా కోసం కొట్లాట. ఎనిమిదేళ్ల కెవిన్‌ని కన్నవాళ్లు ఇంట్లో మర్చిపోయి విమానమెక్కడం ఎలా సాధ్యం అనుకుంటాం గానీ, జాన్ హ్యూస్ స్క్రిప్టు ఆ చిక్కుముడిని ఎంత జాగ్రత్తగా వేసిందో ఈసారి గమనించండి. రాత్రి గాలికి కరెంటు పోతుంది, అలారాలు మోగవు, అందరూ ఆలస్యంగా లేస్తారు. హడావిడిలో తలలు లెక్కపెట్టేటప్పుడు, సామాన్లలో తల దూర్చిన ఎదురింటి పిల్లాణ్ణి కూడా కలిపేసి లెక్క సరిపోయిందనుకుంటారు. పెద్ద బలగంతో ప్రయాణం కట్టిన వాళ్లెవరికీ ఇది అతిశయోక్తి అనిపించదు.

ఇంట్లోకి చొరబడబోయిన దొంగల్ని కెవిన్ తిప్పలు పెట్టే భాగం పిల్లలకు వదిలేయండి. నాకు అది కాస్త సాగినట్టే ఉంటుంది. పెద్దవాళ్ల సీను చర్చిలో ఉంది. వీధిలో పిల్లలంతా భయపడే ముసలాయన వచ్చి కెవిన్ పక్కన కూర్చుంటాడు. కొడుకుతో మాటల్లేవని, మనవరాలు కాయిర్‌లో పాడుతుంటే వినడానికి వచ్చానని చెప్తాడు. మరి కొడుక్కి ఫోన్ చెయ్యొచ్చు కదా అంటాడు పిల్లాడు. అంతే, రెండు నిమిషాల మాట. అత్తగారు, మామగారు, బావమరుదులు అందరూ ఒక గదిలో ఉన్నప్పుడు ఈ సీను వస్తే గదిలో గోల దానంతటదే తగ్గుతుంది. నిడివి కూడా గంటా నలభై నిమిషాల పైచిలుకే. మధ్యలో లేచి వెళ్లి వచ్చినా కథ అందుతుంది. ఇంటిల్లిపాదికీ ఇదే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఈ సినిమాలోనే ఒక చిన్న తమాషా ఉంది. పారిస్‌లో చిక్కుకుపోయిన కుటుంబం టీవీ చూస్తుంటుంది. అందులో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' వస్తుంటుంది, అదీ ఫ్రెంచిలో. ఒక క్రిస్మస్ సినిమాలో మనుషులు ఇంకో క్రిస్మస్ సినిమా ముందు కూర్చున్నారన్నమాట.

ఆ రెండో సినిమాయే ఇద్దరికోసం నేను ఎంచేది. 1946లో ఫ్రాంక్ కాప్రా తీశాడు. జేమ్స్ స్టీవర్ట్, డోనా రీడ్ జంట. ఆస్కార్ నామినేషన్లు ఐదు వచ్చాయి గానీ డబ్బులు రాలేదు. 1974లో కాపీరైటు రెన్యువల్ జరగకపోవడంతో అమెరికాలో టీవీ ఛానెళ్లు పెద్దగా ఖర్చు లేకుండా దొరికిందని డిసెంబరు వస్తే చాలు దీన్నే వేశాయి. అలా వేసీ వేసీ అది ఇంటింటి ఆనవాయితీ అయి కూర్చుంది. తాతల నాటిదనుకునే సంప్రదాయం వెనక ఎవరో సమయానికి కాగితం దాఖలు చేయకపోవడం ఉందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

కొత్త జంటకు ఇదే ఎందుకంటే, అందులో పెళ్లిరోజు సీను ఉంది. జార్జ్, మేరీ పెళ్లి చేసుకుని హనీమూన్‌కి బయల్దేరతారు. బయట వాన. దారిలో చూస్తే జార్జ్ నడిపే చిన్న పొదుపు సంస్థ ముందు జనం, తమ డబ్బు తమకిచ్చెయ్యమని. జార్జ్ ఎంత నచ్చజెప్పినా వినరు. అప్పుడు మేరీ, హనీమూన్ కోసం దాచుకున్న రెండు వేల డాలర్ల కట్ట పైకెత్తి చూపిస్తుంది. అతను అడగలేదు, ఆమె అతన్ని అడగలేదు. సాయంత్రం తలుపులు మూసేసరికి రెండు డాలర్లు మిగులుతాయి. ఆ రాత్రి ఆమె అతన్ని ఒక పాడుబడ్డ ఇంటికి రమ్మని కబురు చేస్తుంది. కప్పు కారుతుంటుంది, గోడలకు పోస్టర్లు అంటించి ఉంటాయి. గ్రామఫోను మీద రికార్డు తిరుగుతుంటే, దానికి తగిలించిన తాడుతో పొయ్యి దగ్గర కోడి తిరుగుతుంటుంది. పాట, వంట ఒకే యంత్రం మీద. బయట వానలో ఇద్దరు స్నేహితులు నిలబడి పాడుతుంటారు. డబ్బు విషయం మొగుడూ పెళ్లాలు ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ఉపన్యాసాలు చాలా విన్నాను, ఈ సీను ముందు అవి దిగదుడుపే.

లోపాలూ ఉన్నాయి. రెండు గంటల పది నిమిషాల సినిమా, దేవదూత కిందికి దిగేసరికి సగం పైనే అయిపోతుంది. కథ నడిచేది చావాలనుకుని వంతెన మీద నిలబడ్డ జార్జ్ చుట్టూ, కాబట్టి పండగంటే కేరింతలే అనుకునేవాళ్లకు బరువుగా ఉంటుంది. తను పుట్టి ఉండకపోతే లోకం ఎలా ఉండేదో దేవదూత జార్జ్‌కి చూపిస్తాడు, అందులో మేరీ పెళ్లి కాని లైబ్రేరియన్‌గా ఉండిపోయేదట, దాన్నే మహా ఘోరంలా చూపించడం చూస్తే ఈ రోజుల్లో నవ్వొస్తుంది. మీరిద్దరూ కలిసి నవ్వుకోండి, తప్పులేదు. మంచు మాత్రం శ్రద్ధగా చూడండి. అంతకుముందు సినిమాల్లో మంచు కోసం తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారు, అడుగేస్తే కరకరమనేది, మాటలు రికార్డు చేయడానికి కుదిరేది కాదు. ఇక్కడ మంటలార్పే నురుగుతో కొత్త మంచు తయారు చేశారు. షూటింగ్ జరిగింది మండు వేసవిలో!

ఇదంతా గోలలో చూడలేం. మేరీ డబ్బు పైకెత్తే క్షణంలో ఎవరైనా "ఈయన ఎవరు?" అన్నారంటే ఆ సీను పోయినట్టే.

ఇక అల్లుడుగారి సినిమా. 'డై హార్డ్' 1988 జులైలో, నడి ఎండల్లో విడుదలైంది. కథ జరిగేది మాత్రం క్రిస్మస్ ముందు రాత్రి, ఒక ఆఫీసు పార్టీలో. అది క్రిస్మస్ సినిమా కాదని స్వయంగా బ్రూస్ విల్లిసే 2018లో ఒక వేదిక మీద అనేశాడు. నాకైతే క్రిస్మస్ సంగతి కన్నా అది దంపతుల సినిమా అన్న సంగతి ముఖ్యం. విడిగా ఉంటున్న భార్యను చూడ్డానికి భర్త విమానంలో వస్తాడు. ఆఫీసులో ఆమె పేరు వెతికితే పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో దొరుకుతుంది. తుపాకులు పేలకముందే దాని మీద మొదటి తగువు. చివర్లో అతను ఆమెను ఆ పాత ఇంటిపేరుతోనే పరిచయం చేస్తే, ఆమె దిద్ది భర్త ఇంటిపేరు చెప్పుకుంటుంది. విలన్ ఆమె చేతి వాచీ పట్టుకుని వేలాడుతుంటే, ఆఫీసువాళ్లు బహుమతిగా ఇచ్చిన ఆ వాచీ ఊడితేనే కింద పడతాడు. సర్దుకున్నది ఎవరు, పోగొట్టుకున్నది ఎవరు అని సినిమా అయ్యాక ఇద్దరూ వాదించుకోవచ్చు, మంచి వాదనే అవుతుంది. పిల్లల ముందు వద్దు, ఆరాధనకు వెళ్లే ముందు అసలే వద్దు. చుట్టాలందరూ వెళ్లిపోయిన 26 సాయంత్రం దీనికి సరైన సమయం.

కొత్త జంట అనగానే అందరూ చెప్పే పేరు 'లవ్ యాక్చువల్లీ' (2003). నేను వద్దంటాను. అందులో భర్త ప్రాణస్నేహితుడు గుమ్మంలో నిలబడి, లోపల భర్త ఉండగా, అట్టలు చూపిస్తూ అతని భార్యకు తన ప్రేమ చెప్పుకుంటాడు. పెళ్లయిన మొదటి ఏడు పక్కపక్కన కూర్చుని దీనికి చప్పట్లు కొట్టాలా? అందులో గొప్ప సీను వేరే ఉంది. భర్త కోటు జేబులో నగ చూసిన ఎమ్మా థాంప్సన్, తనకు వచ్చిన కానుక విప్పితే పాటల సీడీ. పడగ్గదిలోకి వెళ్లి ఏడ్చి, దుప్పటి సరిచేసి, పిల్లల దగ్గరికి నవ్వుతూ వస్తుంది. అది పదేళ్లు కాపురం చేసినవాళ్ల సినిమా. అప్పుడు చూద్దురు గాని.

ఏటా అదే సినిమానా, ఏడాదికొక కొత్తదా అని కూడా అడుగుతారు. ఇంటిల్లిపాదికీ అయితే మాత్రం మార్చొద్దు. స్వీడన్‌లో 1960 నుంచి ప్రతి క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మూడింటికి డోనాల్డ్ డక్ కార్టూన్ల కార్యక్రమం వేస్తారు, దాన్నిబట్టే ఇళ్లలో మిగతా పనుల వేళలు పెట్టుకుంటారు. నార్వేలో అదే రోజు పొద్దున 1973 నాటి చెక్ సిండ్రెల్లా సినిమా వస్తుంది. పాత్రలన్నిటికీ, సిండ్రెల్లాతో సహా, ఒకే మగగొంతు. దాన్ని బాగుచేద్దామంటే అక్కడివాళ్లు ఊరుకోరు. అంతా కళ్లార్పకుండా చూస్తారని కాదు, ఆ వేళకు అది మోగుతూ ఉండాలి. ఆనవాయితీ అంటే ఆ వేళే. కొత్త సినిమాలు ప్రయోగించాలంటే మిగతా డిసెంబరంతా ఉంది.

కానుకలు ఎప్పుడు విప్పాలన్నది కూడా ఇలాంటిదే. జర్మనీ, స్వీడన్‌లలో 24 సాయంత్రం, బ్రిటన్, అమెరికాల్లో 25 పొద్దున. ఇద్దరి ఇళ్ల పద్ధతులూ వేరైతే, మీ ఇద్దరి కానుకలు రాత్రి, కుటుంబానివి పొద్దున పెట్టుకోండి.

సినిమాలకొస్తే, 25 మధ్యాహ్నం అందరితో 'హోమ్ ఎలోన్'. 'వండర్‌ఫుల్ లైఫ్' మాత్రం 24 రాత్రి అర్ధరాత్రి ఆరాధన నుంచి వచ్చాక పెట్టుకోకండి, పెళ్లి సీను రాకముందే ఒకరు నిద్రపోతారు. 23 రాత్రి, ఫోన్లు పక్క గదిలో పెట్టేసి చూడండి. ఆ పూటా కుదరకపోతే 1992 నాటి 'మప్పెట్ క్రిస్మస్ కరోల్' ఉంది. గంటన్నర లోపే అయిపోతుంది. చుట్టూ గుడ్డబొమ్మలుంటే మైకేల్ కెయిన్ ఒక్కసారి కూడా పెదవి విరవకుండా, రంగస్థలం మీద ఉన్నంత గంభీరంగా నటిస్తాడు.