పవర్ ఉన్నవాళ్ళకి పాత ఫ్రేమ్‌లో కూలింగ్ గ్లాసులు: చిక్‌పేట్ సందులో చేయించుకున్నా, చాలా బాగొచ్చాయి

ముందే చెప్పేస్తా. మైనస్ పవర్ ఉండి పాతకాలం మోడల్ కూలింగ్ గ్లాసులు కావాలనుకునేవాళ్ళు పాత కూలింగ్ గ్లాసులు కొనకండి, పాత మామూలు కళ్ళజోడు ఫ్రేమ్ కొని దాంట్లో పవర్ అద్దాలు వేయించి రంగు ఎక్కించుకోండి. నాకీ సంగతి చెప్పింది బెంగళూరులో చిక్‌పేట్ మెట్రో దిగి అవెన్యూ రోడ్డు వైపు నడిస్తే ఒక సందులో ఉన్న చిన్న కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన. తన పేరు, షాపు పేరు ఎక్కడా పెట్టొద్దన్నారు, చేసేది ఒక్కరే కాబట్టి రద్దీ తట్టుకోలేనన్నారు, అందుకే రాయట్లేదు. కానీ ఆయన పని గురించి మాత్రం రాయాల్సిందే.

నాది రెండు కళ్ళకీ మైనస్ నాలుగున్నర. హిందూపురం నుంచి ఇక్కడికి ఉద్యోగానికొచ్చాక రోజూ స్కూటీ మీద ఔటర్ రింగ్ రోడ్డే, మధ్యాహ్నం ముందు కార్ల అద్దాల మీద నుంచి కొట్టే వెలుతురుకి కళ్ళు నీళ్ళు కారిపోయేవి. ఒక పెద్ద చైన్ షాపులో అడిగితే బయట ఫ్రేమ్‌కి మేం అద్దాలు వెయ్యం, విరిగితే మా మీదకొస్తుంది అన్నారు. వాళ్ళ భయం వాళ్ళది, కానీ మా తాతయ్య వాళ్ళ కాలం నాటి మందపాటి నల్ల ఫ్రేమ్ అంటే నాకు చిన్నప్పట్నుంచి పిచ్చి, కొత్తగా అచ్చం అలాగే చేసి అమ్మేవి పెట్టుకుని చూస్తే తేలిగ్గా ఉన్నాయి కానీ ఆ దిట్టం లేదు.

పెద్దాయన దగ్గర అట్టపెట్టెల్లో అమ్ముడుపోకుండా మిగిలిన పాత స్టాకు ఉంది. నేను ముందు చేత్తో పట్టుకుంది రేబాన్ ఏవియేటర్, దాన్ని బాష్ అండ్ లాంబ్ కంపెనీ తయారుచేసిన కాలం నాటిది. రేబాన్ 1999లో లగ్జాటికా అనే ఇటలీ కంపెనీ చేతికి పోయింది కదా, అంతకు ముందువాటిలో చాలావాటికి అద్దం అంచున హింజ్ పక్కన బీఎల్ అని సన్నగా చెక్కి ఉంటుంది, దాన్ని భూతద్దంలో చూపించారు కూడా. చూపించి మళ్ళీ లోపల పెట్టేశారు. "ఇది నీకొద్దమ్మా, దీని వంపుకి నీ పవర్ అద్దం కూర్చోదు, బలవంతంగా ఎక్కిస్తే కాడలు రెండూ బయటికి తెరుచుకుంటాయి" అన్నారు. విషయం ఏంటంటే కూలింగ్ గ్లాసుల ముందుభాగం బాగా వంపుగా చేస్తారు, మైనస్ పవర్ అద్దం ముందువైపు చదునుగా ఉంటుంది, రెండూ పొసగవు. కళ్ళజోడు కోసమే చేసిన పాత ఫ్రేములు చదునుగానే ఉంటాయి కాబట్టి గొడవ లేదు. ఎక్కువ డబ్బులొచ్చేదాన్ని పక్కనపెట్టి ఈ మాట చెప్పడం నాకు చాలా నచ్చింది.

ఇంకోటి సైజు. కాడ లోపలివైపు 58□14 అని ఉంటే అద్దం వెడల్పు 58, ముక్కు దగ్గర సందు 14 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 72. నా కంటిపాపల మధ్య దూరం, అదే పీడీ, 62. అంటే ఒక్కో అద్దంలో పవర్ సెంటర్ ముక్కు వైపుకి 5 మిల్లీమీటర్లు జరపాలి, బయటి అంచు లావుగా మిగిలిపోతుంది, మైనస్ అద్దం అంచుల్లోనే కదా లావు. నేను తీసుకున్నది 46□20, కలిపితే 66, జరపాల్సింది 2 మిల్లీమీటర్లే. అందుకే మామూలు సీఆర్-39 ప్లాస్టిక్ అద్దాలు వేసినా అంచు ఫ్రేమ్ మందంలోనే దాగిపోయింది, ఖరీదైన హై ఇండెక్స్, అంటే పల్చటి అద్దాల అవసరం పడలేదు. పాత అమెరికా ఫ్రేముల్లో కాడ పొడవు అంగుళాల్లో ఉంటుంది, ఐదున్నర, ఐదు ముప్పావు అలా, దాన్ని చూసి కంగారు పడకండి.

నాదాని మీద మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ అని ఉంది, అంటే 1990లో రెండు జర్మనీలూ కలవకముందుదే. ముందువైపు రెండు చిన్న లోహపు చుక్కలు కనపడతాయి, అవి హింజ్ రివిట్లు, ఊడినా మళ్ళీ కొట్టొచ్చు. కొనేముందు వాసన చూడమన్నారు, పుల్లగా వెనిగర్ వాసనొస్తే ఆ అసిటేట్, అంటే ఫ్రేమ్ ప్లాస్టిక్, పాడవుతున్నట్టు, కొనొద్దు. రుద్దితే కర్పూరం వాసనొస్తే అది ఇంకా పాతది, సెల్యులాయిడ్, త్వరగా అంటుకుంటుంది కాబట్టి దాన్ని హీటర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళను అన్నారు.

అద్దాల రంగు గురించి చాలాసేపు కూర్చోబెట్టి చెప్పారు. సీఆర్-39ని వేడి రంగునీళ్ళలో ముంచి రంగు ఎక్కిస్తారు, ఎంతసేపు ఉంచితే అంత ముదురు, రెండద్దాలూ కలిపే ముంచాలి లేకపోతే తేడా వస్తుంది. నేను బూడిద రంగు 15 శాతం వెలుతురు లోపలికొచ్చేలా చేయించుకున్నా, సిగ్నల్ రంగులు మారకుండా కనిపిస్తాయని. ఎనిమిది శాతం కంటే తక్కువ వెలుతురు వచ్చేంత ముదురుగా వెళ్తే అది బండి నడపడానికి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం యూవీ 400, అంటే 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాల్ని ఆపే గుణం. నల్లద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది, ఆ అద్దానికి యూవీ ఆపే గుణం లేకపోతే ఎండలో అద్దం లేకుండా తిరిగినదానికన్నా ఎక్కువ లోపలికి పోయే ప్రమాదం ఉంది, ఫుట్‌పాత్ మీద కొనేవాళ్ళు దయచేసి ఇదొక్కటైనా చూసుకోండి. అద్దం లోపలివైపు యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ కూడా వేయించారు, ఎండ వెనకనుంచి పడ్డప్పుడు మన కన్నే మనకి అద్దంలో కనపడకుండా. రంగు తర్వాతే కోటింగ్ వెయ్యాలి కాబట్టి బయట ల్యాబ్‌కి పంపుతారు, టైం పడుతుంది, తొందరపెట్టకండి. వచ్చాక నా ముందే అద్దం పవర్ కొలిచే లెన్సోమీటర్‌లో పవర్, సిలిండర్, యాక్సిస్ (అడ్డపవర్, దాని కోణం) చూపించి, యూవీ మీటర్ మీద పెట్టి చూపించి అప్పుడే డబ్బులు తీసుకున్నారు. ఫ్రేమ్‌కి 900, అద్దాలకి అన్నీ కలిపి 2,400.

పెట్టుకుంటే ఎలా ఉందంటే, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద పొద్దున సూర్యుడికి ఎదురుగా వెళ్తూ బోర్డుల మీద అక్షరాలు చదివాను, మామూలు కళ్ళజోడు మీద క్లిప్ తగిలించుకున్న రోజుల్లో ఇది లేదు. చెవుల వెనక కాడలు వేడి చేసి నా తలకి వంచిచ్చారు, కిందకి వంగినా జారట్లేదు. ఆఫీసులో ఇద్దరు ఎక్కడ కొన్నావని అడిగారు, మా అమ్మ మాత్రం తాతయ్య ఫోటోలో ఉన్నట్టే ఉన్నావే అంది, నాకు అంతకంటే పెద్ద మెప్పు అక్కర్లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కాడలు మందం కాబట్టి ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో కణతల దగ్గర నొక్కుతాయి, నేను హెల్మెట్ పెట్టాక దూర్చుకుంటున్నా. ముక్కు దగ్గర ప్యాడ్లు విడిగా ఉండవు, ముక్కు చదునుగా ఉన్నవాళ్ళకి కిందకి జారొచ్చు, పెట్టి చూడకుండా కొనకండి. పోలరైజ్డ్, అంటే రోడ్డు మీద నుంచి కొట్టే మెరుపుని తగ్గించే అద్దాలు ఆయన చెయ్యరు, రంగు ముంచడం ఒక్కటే. చీకటి పడ్డాక బండి మీద ఇవి వద్దే వద్దు, డిక్కీలో తెల్లద్దాల జోడు ఒకటి ఉండాల్సిందే. ఆదివారం షాపు మూస్తారు, ఆ రోజు బీవీకే అయ్యంగార్ రోడ్డు సండే బజార్లో పాత ఫ్రేములు కనిపిస్తే తీసుకుని మర్నాడు ఈయన దగ్గరికి పట్టుకెళ్ళొచ్చు, అద్దం ఎక్కుతుందో లేదో చూసి చెప్తారు, ఆ చూపుకి డబ్బులు తీసుకోరు. వెళ్ళేటప్పుడు కొత్త ప్రిస్క్రిప్షన్ కాగితం ఉండాలి, పాత అద్దాలు చూసి పవర్ వెయ్యమంటే ఒప్పుకోరు.